శస్త్రచికిత్స పిమ్మట నొప్పి - చైనా సూచీవైద్యం

శస్త్రచికిత్స అయిన మొదటి రాత్రి ఎంత దీర్ఘమైనదో అనుభవించినవారికే తెలుస్తుంది. మత్తు దిగిపోతుంది. చూడవచ్చిన బంధువులు ఇళ్ళకు వెళ్ళిపోతారు. నర్సు దీపం తగ్గించి తలుపు చేరవేస్తుంది. అప్పుడు ఆ గదిలో మిగిలేవారు ఇద్దరే - ఒకరు రోగి, రెండవది నొప్పి. గండం గడిచినదని ఇంటివారు నిశ్చింతగా నిద్రపోయే ఆ వేళనే రోగికి మరొక పరీక్ష ఆరంభమవుతుంది.

కొన్నేళ్ళ క్రిందట మా తల్లిగారికి పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగినది. రెండు రోజులపాటు ఎవరు వచ్చి అడిగినా ఆమె, "బాగానే ఉన్నది నాయనా" అన్నారే తప్ప మరొక మాట చెప్పలేదు. నొప్పికి మందు కావాలా అని నర్సు అడిగితే వద్దన్నారు. "ఓర్చినమ్మకు తేటనీరు" అన్న సామెత ఆమెకు ఊతపదం. మూడవనాడు జ్వరం వచ్చినది. వైద్యుడు వీపుమీద గొట్టం పెట్టి విని కారణం చెప్పినారు. నొప్పికి వెరచి ఆమె నిండుగా ఊపిరి తీయలేదు. దగ్గు వస్తే అణచుకొన్నారు. అందుచేత ఊపిరితిత్తుల అడుగున కఫం నిలిచిపోయినది. "అమ్మా, మీ ఓర్పు సంగతి మీ ఊపిరితిత్తులకు తెలియదు కదా!" అన్నారాయన. మందు ఇచ్చి, కుట్లమీద దిండు అదుముకొని దగ్గడం నేర్పినారు. వారం దినాలలో ఆమె కోలుకున్నారు. కాని వైద్యుడన్న ఆ మాట నా మనస్సులో నాటుకొని పోయినది. ఈ ప్రసంగానికి బీజం అదే.

కోత తరువాతి నొప్పి కేవలం బాధ మాత్రమే కాదు. అది రోగిని కదలనివ్వదు. కదలకుండా పడుకొన్న మనిషి కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టవచ్చును. నిద్ర ఉండదు, ఆకలి పుట్టదు. కొందరిలో గాయం మానిన తరువాత కూడ నెలల తరబడి నొప్పి నిలిచిపోతుంది. కనుక దానిని అణచడం దయాధర్మం మాత్రమే కాక, చికిత్సలో ఒక భాగమే. ఇందుకు వైద్యుల చేతిలో ఉన్న ఆయుధాలలో మిక్కిలి బలమైనవి మార్ఫిన్ జాతి మందులు. అవి నొప్పిని బాగా అణచుతాయి. కాని వాటికీ ఒక ఖరీదు ఉన్నది. వికారం, వాంతులు, మగత, దురద, మలబద్ధం కలుగుతాయి. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. అనవసరంగా చాలకాలం వాడితే అలవాటుగా మారే ప్రమాదమూ ఉన్నది. అందువలన, ఆ మందును కొంతలో కొంత తగ్గించి వాడుకొనే ఉపాయాలన్నిటినీ వైద్యలోకం వెదుకుతున్నది. ఆ వెదుకులాటలోనే వైద్యుల దృష్టి చైనావారి సూదులమీద పడినది.

ఆ సూదులు ప్రపంచం దృష్టిలో పడిన కథ విచిత్రమైనది. 1971 జూలైలో 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక ప్రముఖ రచయిత జేమ్స్ రెస్టన్ భార్యతో కలిసి చైనాకు వెళ్ళినారు. అమెరికాకు, చైనాకు అప్పుడు రాకపోకలు లేవు. సరిగా ఆ రోజులలోనే అమెరికా అధ్యక్షుని సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగు వచ్చి వెళ్ళినారు. అంతటి వార్త తన ముక్కు క్రిందనే జరిగి చేజారిపోయినదని తెలిసిన క్షణంలోనే తన పొట్టలో మొదటి పోటు పొడిచినదని రెస్టన్ తరువాత హాస్యంగా వ్రాసుకొన్నారు. అది అపెండిక్స్ వాపు. జూలై 17న బీజింగులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆయనకు శస్త్రచికిత్స చేసినారు. పూర్వం అమెరికా ధర్మనిధి డబ్బుతో కట్టిన ఆ ఆసుపత్రికి అప్పటి పేరు 'సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి'!

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించవలసి ఉన్నది. రెస్టన్‌కు కోత కోసినది సూదుల మత్తుతో కాదు. పాశ్చాత్య వైద్యశాలలో వలెనే సూదిమందు ఇచ్చి, ఆ భాగాన్ని మొద్దుబార్చి కోసినారు. రెండవనాటి రాత్రి ఆయన పొట్ట ఉబ్బి, బిగదీసి, చాల ఇబ్బంది పెట్టినది. అప్పుడు ఆ ఆసుపత్రిలోని సూచీవైద్యుడు వచ్చి, రోగి సమ్మతి తీసుకొని, కుడి మోచేతి వెలుపల ఒకటి, మోకాళ్ళ క్రింద రెండు, మొత్తం మూడు సన్నని పొడుగాటి సూదులు గ్రుచ్చి వాటిని త్రిప్పినాడు. చుట్టల వలె చుట్టిన ఎండుటాకులు రెండు వెలిగించి, పొట్టకు దగ్గరగా పట్టి వెచ్చదనం చూపినాడు. ఇదంతా సుమారు 20 నిముషాలు. గంటలోపల ఉబ్బు, బిగువు బాగా తగ్గినవి, మళ్ళీ రాలేదు. పొట్టలోని వాయువు పోగొట్టడానికి ఇది కాస్త పెద్ద తతంగమే అనిపించినదని కూడ ఆయన దాచకుండా వ్రాసినారు.

జూలై 26న ఆ వ్యాసం అచ్చయినది. కాని నోటినుండి నోటికి పాకేసరికి కథ మారిపోయినది. "చైనాలో సూదులు గ్రుచ్చి, మత్తుమందు లేకుండనే అమెరికా పాత్రికేయునికి కడుపు కోసినారట" అన్నమాట లోకమంతా వ్యాపించినది. ఈనాటికీ కొన్ని పుస్తకాలలో అట్లే కనిపిస్తుంది. నిజంగా జరిగినది చిన్న విషయం. లోకం నమ్మినది పెద్ద విషయం. సూచీవైద్యం గురించి ఆలోచించే ప్రతివారు ఈ తేడాను గుర్తుంచుకోవడం మంచిది. చిన్న విషయమే చివరకు నిలిచినదని ముందుముందు చూస్తాము.

ఈ వైద్యం ఎంత ప్రాచీనమైనది? క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటికి రూపుదిద్దుకొన్న 'హువాంగ్‌దీ నైజింగ్', అనగా 'పీతచక్రవర్తి అంతరంగ వైద్యగ్రంథం', దీనికి మూలం. శరీరంలో ఒక ప్రాణశక్తి ప్రవహిస్తున్నదని వారి సిద్ధాంతం. దానికి వారు పెట్టిన పేరు 'ఛీ'. మన చెవికి అది చీదరింపు వలె వినిపించినా వారికది పూజ్యమైన మాట. ఈ శక్తి 12 ప్రధాన మార్గాలలో నడుస్తుందని, ఎక్కడైనా దారి మూసుకొనిపోతే అక్కడ నొప్పి పుడుతుందని, ఆ దారిలోని కొన్ని బిందువుల వద్ద సూది గ్రుచ్చితే అడ్డు తొలగుతుందని వారు భావించినారు. కాలువలో పూడిక తీసే రైతుకు ఈ ఉపమానం సులభంగానే బోధపడుతుంది. శరీరాన్ని కోసి చూస్తే మాత్రం ఇటువంటి కాలువలు కనిపించవు. అయినా ఒక అనుభవాన్ని మాటలలో పెట్టడానికి ఒక నాగరికత కల్పించుకొన్న భాషగా దానిని మనం గౌరవించవచ్చును.

ఆ అనుభవాన్ని వారు నేర్పిన తీరు కూడ చెప్పుకోదగినది. 1027 ప్రాంతంలో, సుంగ్ వంశపు రాజుల కాలంలో, వాంగ్ వెయియీ అనే వైద్యుని పర్యవేక్షణలో నిలువెత్తు కంచు మానవ విగ్రహాలు పోత పోసినారు. బిందువులున్న చోటల్లా సన్నని రంధ్రాలు పెట్టినారు. పరీక్షనాడు విగ్రహానికి పైన మైనం పూసి, లోపల ద్రవం నింపేవారట. విద్యార్థి సరిగా రంధ్రంలోనే సూది దింపితే ద్రవం బయటకు చిమ్మేది. తప్పితే సూది వంగిపోయేది. ఇంతకన్న నిష్పాక్షికమైన పరీక్షాధికారి ఎక్కడ దొరుకుతాడు?

బిందువును కొలిచే పద్ధతిలో మనకు పరిచయమైన ఒక పోలిక కనిపిస్తుంది. వారి కొలత 'త్సున్'. అనగా రోగి బొటనవ్రేలి వెడల్పు. వైద్యుని వ్రేలు కాదు, రోగి వ్రేలు. ఎవరి శరీరానికి వారి వ్రేలే కొలబద్ద. మన ఆయుర్వేదంలో 'స్వాంగుళ ప్రమాణం' అన్నది ఇదే. రెస్టన్ పొట్టకు వెచ్చదనం చూపిన ఆ ఎండుటాకు కూడ మనకు పూర్తిగా పరాయిది కాదు. దానిని పాశ్చాత్యులు మోక్సా అంటారు. వినాయక చవితినాడు ఇరువదియొక్క పత్రులలో మొదట చెప్పే మాచిపత్రికి అది దగ్గరి చుట్టం. అయితే మనవారు దానిని పూజలో వాడుకొన్నారు. చైనావారు ఎండబెట్టి, దంచి, వత్తిగా చుట్టి, బిందువుకు వేడి అందించడానికి వాడుకొన్నారు.

ఇంత ప్రాచీనమైన విద్య సొంత దేశంలోనే నిరాదరణకు కూడ గురియైనది. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలలో సూచీచికిత్సను నిషేధించినాడు. 1929లో చైనా ప్రభుత్వంలోని కొందరు దేశీయ వైద్యాన్నే రద్దుచేయాలని ప్రతిపాదించినారు. 1949 తరువాత వచ్చిన ప్రభుత్వానికి జనం కోట్లలో ఉన్నారు, పాశ్చాత్య వైద్యులు వేలలో మాత్రమే ఉన్నారు. అప్పుడు ఈ పాత విద్యను మళ్ళీ పైకి తీసి, 1955లో బీజింగులో దాని పరిశోధనకు ఒక సంస్థను స్థాపించినారు.

శస్త్రచికిత్స గదిలోకి సూది ప్రవేశించినది 1958లో. షాంఘై నగరంలోని వైద్యులు, గొంతులో టాన్సిల్స్ తీసివేసిన తరువాత మింగలేక బాధపడే రోగులకు సూదులు గ్రుచ్చి చూచినారు. నొప్పి తగ్గినది. అప్పుడు వారికి ఒక తలంపు వచ్చినది: కోత తరువాతి నొప్పిని తగ్గించే సూది కోసేటప్పటి నొప్పిని ఎందుకు తగ్గించకూడదు? ఆ ఏడు ఆగస్టు 30న షాంఘై మొదటి ప్రజా ఆసుపత్రిలో యిన్ హుయిజూ అనే వైద్యురాలు ఒక రోగికి చేతులమీది బిందువులలో సూదులు ఉంచి టాన్సిల్స్ తీసివేసినారు. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ చేతి వెనుకవైపున ఉన్న ఆ బిందువు పేరు 'హెగు'.

ఆ తలంపు తరువాత దశాబ్దంలో ఉద్యమంగా మారినది. కంఠంలోని గ్రంథులు, కడుపు, కడకు రొమ్ము కోసేటప్పుడు సయితం సూదులే మత్తుగా వాడుతున్నామని చైనావారు ప్రకటించినారు. విదేశీయులు వచ్చి, రోగి మెలకువతో పళ్ళరసం త్రాగుతూ ఉండగా వైద్యులు కోయడం చూచి దిగ్భ్రమ చెందినారు. కాని నిశితంగా పరిశీలించినవారికి మరికొన్ని సంగతులు కూడ కనిపించినవి. అటువంటి రోగులను ముందుగా ఏరి ఎన్నుకొనేవారు. సూదులతోపాటు మగతమందు, కోతచోట మొద్దుబార్చే మందు కూడ ఇచ్చేవారు. చైనా వైద్యులే నిజాయితీగా మూడు లోపాలు ఒప్పుకొన్నారు: నొప్పి సంపూర్ణంగా పోదు, కండరాలు సడలవు, లోపలి అవయవాలను లాగినప్పటి బాధ ఆగదు. 1980 దశకం వచ్చేసరికి ఆ పద్ధతి చాలవరకు వెనుకబడిపోయినది. పెద్ద విషయం అట్లా కూలిపోయినది. మొదటినుండీ ఉన్న చిన్న విషయం, అనగా కోత తరువాతి నొప్పిని కొంత తగ్గించడం అన్నది, మాత్రం మిగిలినది.

సూది గ్రుచ్చితే నొప్పి ఎందుకు తగ్గాలి? ఇది సహజమైన ప్రశ్న. దీనికి జవాబు వెదకడానికి బీజింగు వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రజ్ఞుడు హాన్ జీషెంగ్ 1965లో పూనుకొన్నారు. సూదులయందు మొదట ఆయనకు నమ్మకం లేదు. విద్యార్థుల చేతిలోని హెగు బిందువులో సూదులు గ్రుచ్చి, శరీరంలో వేర్వేరు చోట్ల నొప్పి మొదలయ్యే హద్దును కొలిచినారు. హద్దు పెరిగినది. కాని వెంటనే కాదు. అరగంటకు గాని పూర్తి స్థాయికి చేరలేదు. సూదులు తీసిన తరువాత కూడ ఒక్కసారిగా పడిపోలేదు. సుమారు 16 నిముషాలకు సగం చొప్పున మెల్లమెల్లగా తగ్గినది. హెగు వద్ద కండరంలో ముందే మొద్దుబార్చే మందు ఎక్కిస్తే, సూది ఏ ఫలితమూ చూపలేదు. అనగా వార్త నరాలవెంటనే పోతున్నది. పోయి మెదడులో ఏదో రసాయనాన్ని పుట్టిస్తున్నది.

ఆ తరువాత ఆయన కుందేళ్ళమీద చేసిన ప్రయోగం ప్రసిద్ధికెక్కినది. సూదులు పెట్టిన కుందేలు మెదడులోని ద్రవాన్ని తీసి, ఏ సూదీ పెట్టని మరొక కుందేలు మెదడులోకి ఎక్కించినారు. రెండవ కుందేలుకు కూడ నొప్పి తగ్గినది! ఆ ద్రవంలో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనే శాస్త్రజ్ఞులు మెదడు తనంతట తానే మార్ఫిన్ వంటి పదార్థాలను తయారుచేసుకొంటున్నదని కనుగొన్నారు. 1977లో అమెరికాలో మేయర్ బృందం మరొక ముడి విప్పినది. మార్ఫిన్‌కు విరుగుడైన నలోక్సోన్ అనే మందు ఇస్తే సూది తెచ్చిన ఉపశమనం కూడ పోతున్నదని పంటి నొప్పిమీద పరీక్షించి చూపినారు. సూది బయటినుండి మందు తేదు. ఇంట్లోనే పెట్టెలో ఉన్న సొమ్మును బయటకు తీయిస్తుంది. సూదులకు స్వల్ప విద్యుత్తు కలిపితే, సెకనుకు రెండు మారులు తట్టినప్పుడు ఒక విధమైన పదార్థాలు, నూరు మారులు తట్టినప్పుడు వేరొక విధమైనవి వెలువడుతాయని కూడ హాన్ చూపినారు. కాలువల సిద్ధాంతాన్ని ఇది ఋజువు చేయలేదు. కాని రోగులు చెప్పినది భ్రమ మాత్రమే కాదని తేల్చినది.

అయినా ప్రయోగశాలలోని కుందేలు వేరు, ఆసుపత్రి మంచంమీది మనిషి వేరు. మనిషి విషయంలో ఒక చిక్కున్నది. ఒకరు దగ్గర కూర్చుండి, చేయి పట్టుకొని, శ్రద్ధగా అడిగి, ఏదో ఒకటి చేస్తే సగం నొప్పి అక్కడనే తగ్గుతుంది. అందులో సూది పాలు ఎంత, ఆదరణ పాలు ఎంత? దీనిని విడదీయడానికి 1998లో జర్మనీలోని హైడెల్బర్గ్ వైద్యుడు స్ట్రైట్‌బెర్గర్ ఒక దొంగసూదిని కల్పించినారు. నాటకాలలోని కత్తి వలె అది చర్మానికి తగలగానే తన పిడిలోకి తానే ముడుచుకొంటుంది. రోగి గ్రుచ్చినారనే అనుకొంటాడు. ఇటువంటి దొంగసూదులతో పోల్చి చూచినప్పుడు అసలు సూది ఆధిక్యం కొన్ని పరీక్షలలో స్పష్టంగాను, కొన్నిటిలో అత్యల్పంగాను కనిపించినది.

మొత్తంమీద తేలినదేమిటి? 2008లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు శస్త్రచికిత్స తరువాతి నొప్పిమీద జరిగిన 15 పరీక్షలను కలిపి సమీక్షించినారు. సూదులు పెట్టించుకొన్నవారికి మొదటి 8 గంటలలో సుమారు 3 మిల్లీగ్రాములు, 24 గంటలలో 8, 72 గంటలలో 9 మిల్లీగ్రాముల మార్ఫిన్ తక్కువ పట్టినదని లెక్క తేల్చినారు. వికారం, తలతిరుగుడు, మగత, దురద, మూత్రం బిగబట్టడం కూడ తగ్గినవి. 2017లో మోకాలి కీలు మార్పిడి తరువాత మందులు లేని ఉపాయాలను గురించి 39 పరీక్షలను సమీక్షించినవారు కూడ సూదులకు, చర్మంమీద ఇచ్చే స్వల్ప విద్యుత్తుకు మధ్యరకం ఆధారం ఉన్నదని చెప్పినారు. ఈ అంకెలు మనకు రెండు మాటలు చెబుతున్నవి. సూది మార్ఫిన్‌ను తొలగించలేదు, కాస్త తగ్గించినది. ఆ కాస్త కూడ వాంతితో మెలికలు తిరిగే రోగికి తక్కువ విషయం కాదు.

వాంతుల ప్రసక్తి వచ్చినది కనుక ఇంకొక బిందువు సంగతి చెప్పాలి. పొట్టకు కోత పడినవానికి ఒక్క వాంతి వస్తే కుట్లన్నీ లాగి ప్రాణం పోయినంత పని అవుతుంది. మణికట్టు ముడతనుండి లోపలివైపు రోగి మూడు వ్రేళ్ళ వెడల్పు పైకి, రెండు స్నాయువుల నడుమ ఉన్న బిందువు పేరు 'నైగ్వాన్'. ఉత్తర ఐర్లండులోని బెల్ఫాస్టులో డండీ అనే మత్తువైద్యుడు 1986లో ఈ బిందువును పరీక్షించి వాంతులమీద దాని ప్రభావాన్ని చూపినారు. 2015లో 59 పరీక్షలు, 7,667 మంది రోగుల వివరాలు కలిపి చూచినప్పుడు, ఈ బిందువును ప్రేరేపించడం వాంతులాపే మందులకు దాదాపు సరితూగినదని తేలినది. దీనికి సూది కూడ తప్పనిసరి కాదు. బొటనవ్రేలితో అదిమినా, గుండీ ఉన్న పట్టీ కట్టినా కొంత ఫలితం కనిపించినది.

చెవి విషయం కూడ కొందరు అడుగుతారు. చెవి డొప్పమీద చిన్న గింజలు అంటించి అప్పుడప్పుడు అదుముకోవడం ఈనాడు చైనా వైద్యంలో సాధారణమైనది. కాని చెవిలో తలక్రిందుల శిశువు ఆకారాన్ని ఊహించి బిందువుల పటం గీచినది ఫ్రాన్సుకు చెందిన పాల్ నోజియే, 1950 దశకంలో. ఆ పటం చైనాకు వెళ్ళి, అక్కడ స్థిరపడి, మళ్ళీ చైనా విద్యగా లోకానికి తిరిగివచ్చినది. విద్యలు కూడ మనుష్యుల వలెనే దేశాలు తిరిగి పేర్లు మార్చుకొంటాయి.

మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి స్నేహమార్గం. 1938లో జపాను దాడికి గురియైన చైనాకు భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపినది. వారిలో ఒకరైన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడనే సేవచేస్తూ 1942లో, 32 ఏళ్ళ వయస్సులో, కన్నుమూసినారు. మన తెలుగు చేనేత కుటుంబాలు ఎన్నో స్థిరపడిన షోలాపురం ఆయన జన్మస్థలం. ఆ ఐదుగురిలో మరొకరు కలకత్తాకు చెందిన బిజయ్ కుమార్ బసు. ఆయన 1950 దశకం చివర మళ్ళీ చైనా వెళ్ళి, సూచీవైద్యం నేర్చుకొని వచ్చి కలకత్తాలో ఆరంభించినారు. ఎదుటివారికి వైద్యం చేయబోయినవారు ఎదుటివారి వైద్యాన్ని నేర్చుకొని తిరిగివచ్చిన వృత్తాంతమది.

ఇక గృహస్థులకు ఉపయోగపడే నాలుగు మాటలు చెబుతాను. మీ ఇంట ఎవరికైనా శస్త్రచికిత్స జరుగనున్నప్పుడు సూచీచికిత్స కూడ కావాలనుకొంటే, ఆ సంగతి శస్త్రవైద్యునికి, మత్తువైద్యునికి ముందుగా చెప్పండి. వైద్యుడు ఇచ్చిన నొప్పిమందును మాని సూదులను నమ్ముకోవద్దు. సూది మందుకు తోడు మాత్రమే, బదులు కాదు. సూదులు పరిశుభ్రమైనవి, ఒక్కసారి వాడి పారవేసేవి అయి ఉండాలి. గాయంమీద, దాని అంచులమీద సూది గ్రుచ్చరాదు. నెత్తురు పలుచబడే మందులు వాడేవారు, గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు, గర్భిణులు ఆ సంగతి తప్పక చెప్పాలి. పేస్‌మేకరు ఉన్నవారికి విద్యుత్తు కలిపిన సూదులు తగవు. రొమ్ము, వీపు ప్రాంతాలలో తెలియనివాడు లోతుగా గ్రుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడిన సందర్భాలు ఉన్నవి. కనుక శిక్షణ పొందినవారి వద్దనే చేయించుకోవాలి. చైనా మూలికల సంగతి వేరు. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి, కొన్ని మూత్రపిండాలను చెడగొట్టినవి. శస్త్రచికిత్సకు ముందు వెనుకల వాటిని సొంతంగా వాడరాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. తగ్గుతూ వచ్చిన నొప్పి హఠాత్తుగా పెరిగినా, జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడినా, పిక్క వాచినా, అది శరీరం కొడుతున్న గంట. ఆ గంట మూయించడానికి సూదివైద్యుని వద్దకు పోకూడదు. శస్త్రవైద్యునికి వెంటనే చెప్పాలి.

చైనా సూచీవైద్యుడు సూది తీయడానికి ముందు చేసే పని ఏమిటో తెలుసునా? రోగి నాడి చూస్తాడు. నాలుక చూస్తాడు. నొప్పి ఎక్కడ, ఎట్లా ఉన్నది, పోటా, మంటా, బరువా, వేడికి తగ్గుతున్నదా, చలికి పెరుగుతున్నదా అని ఓపికగా అడుగుతాడు. సూదివలన ఎంత, ఆ అడగడంవలన ఎంత అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తూచుతూనే ఉన్నారు. కాని అడగడానికి మనకు ఎవరి అనుమతీ, ఏ శిక్షణా అక్కరలేదు. అడిగినప్పుడు రోగి నిజం చెప్పాలి. చెప్పినదానిని ఇంటివారు తేలికగా తీసుకోకూడదు.

మా తల్లిగారికి రెండేళ్ళ తరువాత కంటి శుక్లం తీసినారు. సాయంకాలం నేను వెళ్ళి, "నొప్పిగా ఉన్నదా అమ్మా?" అని అడిగినాను. అలవాటు కొద్దీ, "బాగానే..." అనబోయి ఆగి, కొంచెం నవ్వి, "కాస్త సలుపుతున్నది నాయనా, నర్సును పిలు" అన్నారు. ఓర్పు గొప్ప గుణమే, కాదనను. కాని ఆసుపత్రి మంచంమీద దానికన్న గొప్ప గుణం, ఉన్నమాట ఉన్నట్లు చెప్పడం.